అరవై రెండు పాయింట్ తొమ్మిది

రామ్‌చందర్ పాపులారిటీ అరవై శాతం దాటిన రోజునే అతన్ని చంపాలని ఎవరో నిర్ణయించారు.

పాపం, ఆ సంగతి రామ్‌చందర్‌కు తెలియదు. ఖమ్మం పార్టీ ఆఫీసులో కూర్చుని లడ్డూలు పంచుతున్నాడు. జనవరిలో పంతొమ్మిది శాతం దగ్గర చతికిలబడ్డ మనిషి జూన్ వచ్చేసరికి అరవై దాటాడు. మధ్యలో ఆయన చేసిన ఘనకార్యమంటూ ఏమీ లేదు. ఒక వంతెన అడిగాడు, రాలేదు. ఒక పాదయాత్ర మొదలుపెట్టాడు, మోకాలు పట్టేసి మూడో ఊళ్ళోనే ఆపేశాడు. అయినా ఏ సర్వే చూసినా ఆయన గ్రాఫ్ పైకే పోతోంది. తన మంచితనం జనానికి ఆలస్యంగా అర్థమైందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. పదవుల్లో ఉన్నవాళ్ళకు ఇది తరచుగా వచ్చే జబ్బే.

ఆ గ్రాఫ్‌ను నమ్మని మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే. పేరు శ్రీనివాస్. మిర్చి మార్కెట్ వెనక కోల్డ్ స్టోరేజీ మేడ మీద ఆయన ఆఫీసు. బయట బోర్డు మీద కమిషన్ వ్యాపారం అని ఉంటుంది. లోపల స్పెషల్ ఇంటెలిజెన్స్ యూనిట్. రహస్య స్థావరానికి అంతకంటే మంచి చోటు దొరకదు, ఆ ఘాటుకు పనిలేని వాడెవడూ మెట్లెక్కి రాడు. పని ఉన్నవాళ్ళు మాత్రం దగ్గుతూనే బ్రీఫింగ్ వినాలి.

"కూసో కోటేష్," అన్నాడు శ్రీనివాస్, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని. "నిన్న టీవీ చూసినవా?"

"చూసిన సార్."

"ఎంత?"

"అరవై రెండు పాయింట్ తొమ్మిది."

లక్షల మంది చూసిన నంబరే అది. కానీ పాయింట్ తర్వాతి అంకె మాత్రం జనం కోసం చదివింది కాదు, కోటేష్ ఒక్కడి కోసం చదివింది. ఆ అంకె తేదీ. అది చదువుతూ విశ్లేషకురాలు కళ్ళజోడు తీసిందంటే ఆ తేదీన ఒక ప్రాణం పోతుందని అర్థం. నిన్న ఆమె కళ్ళజోడు తీసింది.

ఆ విశ్లేషకురాలు ఉషారాణి. పట్టుచీర, పొట్టి జుట్టు, సన్నటి ఫ్రేము కళ్ళజోడు. ఎన్నికలొస్తే చాలు, ఏ నాయకుడు లేచాడో ఏ నాయకుడు పడ్డాడో ఆమె నవ్వుతూ చెబుతుంటే రాష్ట్రమంతా అన్నం ముందు పెట్టుకుని వినేది. ఆమె జీతమిచ్చేది ఒక సర్వే కంపెనీ. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో రిజిస్టరైన ఆ కంపెనీ ఒక విదేశీ ముఠాకు ముసుగు. యూనిట్‌లో ఆ ముఠాకు పెట్టుకున్న పేరు 'తక్కెడ'. ఇక్కడ దాన్ని నడిపేవాడు చందూలాల్. తన దగ్గర పనిచేసే ఉషారాణి నాలుగేళ్ళుగా యూనిట్ మనిషేనని అతనికి తెలియదు.

"వాళ్ళ పద్ధతి నీకు తెలుసు," అన్నాడు శ్రీనివాస్. "ముందు దొంగ సర్వే. ఏసీ రూంల కూసొని, ఎవర్నీ అడగకుండ నింపిన సర్వే. అరవై అని టీవీల చూపిస్తే, గెలిచేటోని దిక్కు ఉందమని జనం నిజంగనే కదుల్తరు. రెండు నెలల్ల దొంగ నంబరు అసలు నంబరైతది."

"పెంచి ఏం చేస్తరు సార్? ఆయన్ను కొనుక్కుంటరా?"

"చంపుతరు. పంతొమ్మిది శాతం ఉన్నోడు చస్తే లోపలి పేజీల వార్త. అరవై రెండు ఉన్నోడు చస్తే రాష్ట్రం తగలబడ్తది." దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. తేరుకుని మ్యాప్ మీద వేలు పెట్టాడు. "తొమ్మిదో తారీఖు దుమ్ముగూడెం అవతల ఒక కోయగూడెంల రామ్‌చందర్ సభ. ఆయనేమో తండా మనిషి. చంపేటోడు కోయ మనిషి లెక్క కనబడ్తడట. గంతే తెలిసింది. ఆ తర్వాత తండాలకు, గూడేలకు నడుమ అంటుకునే మంట మన జన్మల ఆరదు."

"సభ రద్దు చేయిస్తే?"

"అడిగిన. ప్రాణానికి హాని ఉందంటే పెద్ద లీడర్నైనట్టే గదా అని సంబరపడ్డడు. బలవంతంగ ఆపితే లీక్ చేసింది ఉషారాణే అని చందూలాల్‌కు తెలిసిపోతది."

కోటేష్ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "సార్, తొమ్మిదో తారీఖు అయినంక ఆమెను ఇంటికి తీసుకొస్త."

శ్రీనివాస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపకాయల వల్ల అనుకోవచ్చు. "తీసుకురా. నాలుగేండ్లు చాలు."

*

నాలుగేళ్ళ కిందటి ఆ రోజు కోటేష్‌కు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

అతనిది కారేపల్లి దగ్గర తండా. ఆమెది ఏన్కూరు దగ్గర తండా. ఖమ్మంలో ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. లెక్కల్లో ఆమె ఎప్పుడూ ఫస్టు, ఆమె నోట్సు అరువు తెచ్చుకోవడంలో అతను ఫస్టు. తర్వాత ఇద్దరూ యూనిట్‌లో చేరారు. తక్కెడ లాంటి ముఠా మంచి పేరున్న మనిషిని నమ్మదు, చెడ్డ పేరున్న తెలివైన మనిషిని వెతుక్కుంటుంది. కాబట్టి ఉషారాణి పేరు చెడగొట్టాలి. తండా జనం ఆధార్ వివరాలూ ఫోన్ నంబర్లూ అమ్ముకుందని యూనిట్ ఒక దొంగ కేసు అల్లింది. కెమెరాల ముందు, ఆమె సొంత వాకిట్లో, ఆమె చేతులకు బేడీలు వేసింది కోటేషే.

ఆ రోజు చెల్లెలు సంగీత గడపలో నిలబడి అంతా చూసింది. అక్కను జీపెక్కిస్తుంటే ముఖం పక్కకు తిప్పుకుంది. బెయిలు మీద బయటికి రాగానే ఉషారాణిని చందూలాలే పిలిచి ఉద్యోగమిచ్చాడు. ఆ తర్వాత తండాలో ఎవరూ ఉషారాణి పేరెత్తలేదు. ఆమె టీవీలో కనిపిస్తే ఇంటింటా టీవీ కట్టేసేవాళ్ళని కోటేష్ విన్నాడు. సంగీత ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో స్టాఫ్ నర్సు.

మూడు నాలుగు నెలలకోసారి ఉషారాణి, రాముడి దర్శనానికి వచ్చినట్టు, భద్రాచలం వచ్చి కోటేష్‌ను కలిసేది. కరకట్ట మీద మనుషుల మధ్య ఇద్దరూ పరాయివాళ్ళలా పక్కపక్కన నిలబడేవాళ్ళు. ఆమె మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"చెల్లె దగ్గర నా రేటింగ్ ఎంత?"

"సున్నా."

"అయితే పడిపోలేదన్నట్టే. సున్నా కిందికి ఇంకేం పోతది?" అని నవ్వేది. ఆ నవ్వు టీవీలో నవ్వు కాదు. వింటుంటే కోటేష్‌కు గుండె చెరువయ్యేది. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ మాట ఒక్కసారీ పైకి అనలేదు. అంటే ఆమె మనసు పని మీద నిలవదేమోనని భయం. రేపు చెబుదాంలే అనుకుంటూనే నాలుగేళ్ళు గడిపేశాడు.

సభకు ముందు రోజు కూడా అక్కడే కలిశారు. కోటేష్‌కు నెరిసిన జుట్టు విగ్గు, దళసరి కళ్ళద్దాలు, అసలు పళ్ళ మీద ఎత్తు పళ్ళ సెట్టు. చేతిలో ట్యాబ్. పక్కా సర్వే సూపర్‌వైజర్.

"గా పండ్లేంది?" ఉషారాణి నది వైపే చూస్తూ నవ్వు ఆపుకుంది.

"చందూలాల్ నా మొకం టీవీల చూసిండు గదా. నవ్వకు, మాట్లాడుతుంటే ఊడొస్తున్నయ్." చేతిలోని గాజు ఒకటి గోడ మీద పెట్టాడు. చూడటానికి తండా ఆడవాళ్ళు వేసుకునే తెల్ల గాజే. లోపల ట్రాన్స్‌మిటర్. "టైమొచ్చినప్పుడు నొక్కు. నా చెవిల మోగుతది. చంపేటోడెవడో ఏమన్న తెలిసిందా?"

"లేదు. చందూలాల్ నాక్కూడ చెప్పలే. నేను స్టేజీ మీద లైవ్ ఇయ్యాలె. వాడు కర్చీఫ్ తీసి మెడ తుడుసుకుంటే పని షురూ చెయ్యమని. గది మాత్రం విన్న." గాజు తీసి తొడుక్కుంది. కాస్త వదులైంది. "కోటేష్, చెల్లె దగ్గర నా రేటింగ్ ఎంత?"

"సున్నానే."

"రేపు అయినంక సీదా దవాఖానాకే పోత. దాని ముందట కూసుంట. తిడితే తిట్టనీ. తిట్టినంక అన్నం పెడ్తది, నాకెరుకే దాని సంగతి." కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "నువ్వు గూడ రావాలె. బేడీలేసినోడివి, సాక్ష్యం చెప్పాలె."

వస్తానన్నాడు కోటేష్.

*

గూడెంలో షామియానా, స్టేజీ, మెటల్ డిటెక్టర్ అన్నీ పొద్దున్నే సిద్ధమయ్యాయి. మఫ్టీలో పోలీసులు వచ్చిన ప్రతి మనిషినీ తడిమి తడిమి పంపుతున్నారు. కోటేష్ ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎక్కడ చూసినా ఆడవాళ్ళూ పిల్లలే. చివరి ఇంటి ముందు ఒక పెద్దామె పేడనీళ్ళు కలుపుతోంది. పేరు నాగక్క. గూడెంలో ఆడవాళ్ళంతా ఆమె మాట మీద నడుస్తారు.

"అక్కా, రామ్‌చందర్ సారుకు పదికి ఎన్ని మార్కులేస్తవ్?" అన్నాడు కోటేష్, పళ్ళు సర్దుకుంటూ.

"వంతెన ఎయ్యమను. అప్పుడేస్త."

"మీ మొగోళ్ళేరి?"

"వేటకు పోయిండ్రు. ఇయ్యాల విత్తనాల పండుగ గదా." నాగక్క చేతులు కడుక్కుంది. "ఇప్పుడు వేటంటే పేరుకేలే. మా పోతయ్యకు కుందేలు ఎదురొస్తే వాడే పారిపోతడు. అయినా పోవాలె. పొద్దుగుంకేదాక ఒక్క మొగోడు ఊళ్ళె ఉండొద్దు. ఉన్నడా, మొకాన పేడనీళ్ళే. ఉత్త చేతులతోటి తిరిగొచ్చినోనికి గూడ గంతే. పొద్దటి సంది కుండలు నింపుకొని చూస్తున్నం."

"నన్ను గూడ పోస్తరా?"

"నువ్వు మా ఊరోడివి కాదుగా సర్వే సారూ. నిన్నేం చేసుకుంటం?" అని పకపకా నవ్వింది.

పండుగ ఏ రోజన్నది మొదటి వాన చూసి గూడెం పెద్దలు అనుకుంటారు. ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. ఈసారి నాలుగు రోజుల కిందటే అనుకున్నారు. సభ ఇంకో రోజు పెట్టుకొమ్మని గూడెం పెద్ద సీతయ్య పార్టీ వాళ్ళను అడిగితే, ఫోటోలకు ఆడవాళ్ళు చాల్లే అన్నారట.

కోటేష్‌కు గుండెల మీద బరువు కాస్త దిగింది. చంపేవాడు కోయ మనిషిలా కనిపించాలి. ఇవాళ ఊళ్ళో కోయ మగవాడే లేడు. చందూలాల్ లెక్క ఇక్కడే తప్పిందనుకున్నాడు. చెవిలోని ఇయర్‌పీస్ సర్దుకుని జనం వెనక నిలబడ్డాడు.

రామ్‌చందర్ కాన్వాయ్ దుమ్ము లేపుకుంటూ వచ్చింది. తెల్లటి బట్టలు, మెడలో దండలు, చేతులు జోడించి నాలుగు దిక్కులా నవ్వులు. ఉషారాణి స్టేజీ అంచున మైకు పట్టుకుని లైవ్ మొదలుపెట్టింది. మెట్ల పక్కన చందూలాల్, బంగారు గడియారం, ఇస్త్రీ మడత చెడని చొక్కా.

స్టేజీ వెనక నుంచి డోలు మోగింది.

అడవిదున్న కొమ్ముల కిరీటం, దాని మీద నెమలీకలు, ముఖం మీదికి వేలాడే గవ్వల తెర, భుజాన పెద్ద డోలు. ఒక కోయ కొమ్ము నాట్యగాడు అడుగులేస్తూ, స్టేజీ ముందు నిలబడ్డ రామ్‌చందర్ దగ్గరికి వచ్చాడు. స్వాగతం కోసం కంపెనీ ఈవెంట్ టీం ఏర్పాటు చేసింది. ఆచారానికి సంబంధించిన వస్తువని పోలీసులు ఆ డోలును మెటల్ డిటెక్టర్ లోంచి పంపలేదు. జనం చప్పట్లు కొట్టారు. కోటేష్ కూడా కొట్టాడు. కొడుతుండగానే చేతులు గాల్లో ఆగిపోయాయి.

పొద్దుగుంకేదాకా ఒక్క మగవాడు ఊళ్ళో ఉండకూడదు. మరి వీడెవడు?

సరిగ్గా అప్పుడే చెవిలో గాజు మోగింది. చందూలాల్ కర్చీఫ్ తీసి మెడ తుడుచుకుంటున్నాడు.

మధ్యలో ఇసకేస్తే రాలనంత జనం, ముందు వరుసల్లో పిల్లలు. కాల్చడానికి లేదు, పరుగెత్తి అందుకునే దూరం కాదు. మైకులో అరిస్తే తొక్కిసలాట. నాట్యగాడి కుడి చేయి డోలు లోపలికి పోతోంది. కోటేష్ పళ్ళ సెట్టు ఊసేసి గొంతు చించుకున్నాడు.

"నాగక్కా! వేటకు పోని మొగోడు! గదుగో, కొమ్ములోడు!"

నాగక్క తల తిప్పింది. పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్న కళ్ళు. పక్కన జంపక్క, దుర్గ, ఇంకా పది మంది దాకా ఆడవాళ్ళు. కేక వేసి, నవ్వుతూ, కుండలెత్తుకుని వాడి మీద పడ్డారు. ఇది కూడా స్వాగతంలో భాగమే అనుకుని పోలీసులు పక్కకు తప్పుకుని దారిచ్చారు.

మొదటి కుండలోని పేడనీళ్ళు గవ్వల తెర మీద పడ్డాయి. అదే క్షణంలో తుపాకీ పేలింది. గుండు షామియానా గుడ్డలోంచి ఆకాశానికి పోయింది. రెండో కుండ గురి తప్పి సగం రామ్‌చందర్ నెత్తిన పడింది. జారి వెల్లకిలా పడ్డాడు, ఆ పడటమే ఆయన్ను బతికించింది. కొమ్ములవాడు కళ్ళు కనపడక గుడ్డిగా తుపాకీ తిప్పాడు. ఆ తిప్పిన వైపు నాగక్క ఉంది, చేతిలో ఖాళీ కుండతో.

ఉషారాణి మైకు వదిలేసి స్టేజీ మీది నుంచి దూకింది. డోలునూ తుపాకీ చేతినీ కలిపి రెండు చేతులా పొట్టకు హత్తుకుంది. రెండో చప్పుడు పెద్దగా వినిపించలేదు.

కోటేష్ చేరేసరికి అంతా అయిపోయింది. కొమ్ములవాణ్ణి ఒక్క దెబ్బకు పడగొట్టాడు. కిరీటం ఊడి దొర్లింది. వాడెవడో, ఏ దేశం వాడో, ఈ అడవికి మాత్రం చెందినవాడు కాదు.

చందూలాల్ కారెక్కి పారిపోయాడు. పక్క గూడెం ఆడవాళ్ళు పండుగ పేరుమీద రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసుకుని కూర్చున్నారు. కలెక్టరైనా సరే దిగి, నవ్వి, ఎంతో కొంత చందా చేతిలో పెడితేనే మొద్దు తీస్తారు. చందూలాల్ అద్దం కూడా దించలేదు. లోపలి నుంచే ఇంగ్లీషులో అరుస్తూ కూర్చున్నాడు. మొద్దు కదల్లేదు. పోలీసులు తాపీగా వచ్చి ఎత్తుకుపోయారు.

*

జీపు భద్రాచలం దారి పట్టింది. ఉషారాణి తల కోటేష్ ఒళ్ళో ఉంది. పొట్ట మీద నాగక్క కట్టిన చీర పేలిక తడిసిపోతోంది. తెల్ల గాజు ఎర్రగా అయింది.

"ఆయన బతికిండా?"

"బతికిండు. పేడల బొర్లుతున్నడు."

"లైవ్‌ల పోయిందా అది?"

"మొత్తం పోయింది."

నవ్వబోయింది, నొప్పికి ఆగిపోయింది. రోడ్డు గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా కోటేష్ తన ప్రాణమే పోతున్నట్టు ఆమెను పట్టుకున్నాడు. కాసేపటికి ఆమె పెదాలు కదిలాయి.

"చెల్లె దగ్గర నా రేటింగ్ ఎంత?"

ఈసారి సున్నా అనడానికి కోటేష్‌కు నోరు రాలేదు. "పెరిగింది ఉషా."

"ఎంత?"

"అరవై రెండు... అరవై రెండు పాయింట్ తొమ్మిది."

ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసింది. చాలా ప్రేమగా చూసింది. "పాయింట్ పెట్టి చెప్తే అబద్ధం గూడ నమ్ముతరని... నీకు నేర్పింది నేనే," అంది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ మాట్లాడలేదు.

దవాఖానాలో స్ట్రెచర్ అందుకున్న నర్సు సంగీత. ముఖం చూసి ఒక్క క్షణం కొయ్యబారింది. తర్వాత గబగబా పని మొదలుపెట్టింది. రక్తం గ్రూపు ఎవరూ అడగకముందే తనే చెప్పింది. ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాయి. తెరుచుకునేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

కోటేష్ ఫోన్ మోగింది. శ్రీనివాస్. ఈసారి దగ్గు లేదు, గొంతు మాత్రం బొంగురుగా ఉంది.

"విన్న. కోటేష్, మనోళ్ళు ఇంకిద్దరు తక్కెడ లోపలున్నరు. ఉషారాణి మన మనిషని బయటపడితే వాళ్ళు గూడ పోతరు. కేసు ఎట్లున్నదో అట్లనే ఉండాలె. పేపర్లకు... వివాదాస్పద విశ్లేషకురాలు, తూటా తగిలి మృతి. గంతే. ఇంట్లోళ్ళకు గూడ చెప్పొద్దు."

"అవ్ సార్," అన్నాడు కోటేష్.

ఫోన్ పెట్టేసి చూస్తే ఎదురుగా సంగీత. చేతులు కడుక్కుని వచ్చింది. మోచేతుల దగ్గర ఇంకా ఎర్రటి మరక ఉంది.

"మా అక్కకు బేడీలేసింది నువ్వే గదా?"

"అవ్."

"ఇయ్యాల చేతుల మీద మోసుకొచ్చింది గూడ నువ్వే."

"అవ్."

"నడుమల ఏం జరిగింది?"

ఆర్డరు ఇంకా చెవిలోనే ఉంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో కోటేష్ ఒక్క ఆర్డరూ మీరలేదు. "ఆ కేసు అబద్ధం," అన్నాడు. "మేమే రాసినం. మీ అక్క ఎవర్నీ అమ్మలేదు. ఇయ్యాల తండాలు, గూడేలు తగలబడకుండ ఆపింది. ఎవరితోటి అనొద్దు తల్లీ. అంటే ఇంకిద్దరు చస్తరు."

సంగీత గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి కూర్చుంది. ఏడవలేదు. డ్యూటీ రూములో గోడకున్న చిన్న టీవీ వైపు చూసింది.

"తండల ఆమె వస్తే అందరు టీవీ బంద్ చేస్తరు. ఇంట్ల ఉంటే నేను గూడ చేస్త. ఇక్కడ మాత్రం చూస్త, సౌండ్ తీసేసి. సౌండ్ ఉంటే ఆమె ఎవరో ఉషారాణి. సౌండ్ తీసేస్తే మా అక్క." చేత్తోనే ముఖం తుడుచుకుంది. "ఒక్క ప్రోగ్రాం విడవలే. నాలుగేండ్లు. మొన్న కండ్లజోడు తీసింది చూడు, నా పెయ్యంత జలదరించింది. చిన్నప్పుడు భయమైతే గట్లనే కండ్లు నలుపుకునేది. ఏదో అయితదని తెలుసు. ఫోన్ చేద్దామనుకున్న. నంబరు లేదు."

కోటేష్ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నా గురించి అడిగేదా? నేనేమనుకుంటున్ననో తెలుసా ఆమెకు?"

ఈ దవాఖానా గేటు ముందు నుంచి కోటేష్ ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. సర్వే వాడి వేషంలో లోపలికి వచ్చి ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. ఒక రోజు, ఒక గడపలో, ఒక పిల్ల ముఖం తిప్పుకోవడం చూసి సున్నా వేశాడు. ఆ సున్నానే నాలుగేళ్ళపాటు మోసుకుపోయి ఆమె చేతిలో పెట్టాడు. మనిషిని అడక్కుండా సర్వే నింపింది చందూలాల్ ఒక్కడే కాదు. జీపులో చెప్పింది నిజమే అయింది, కానీ అబద్ధం అనుకునే చెప్పాడు, ఆమె కూడా అబద్ధం అనుకునే కళ్ళు మూసింది. ఆ తలపుకు అతనికి దుఃఖం ఆగలేదు. స్టాఫ్ నర్సు పక్కన, ఆ వరండాలో, ఎవరు చూస్తున్నారన్నది కూడా మరిచి ఏడ్చాడు.

సాయంత్రం గూడెంలో మగవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ముఖాలు దాచుకుంటూ వచ్చిన పోతయ్యకు ఎవరూ ఎదురు రాలేదు. మిగిలిన నీళ్ళతో నాగక్కా వాళ్ళు స్టేజీ ముందు నేల అలుకుతున్నారు.

*

వారం తిరిగేసరికి కొత్త సర్వే వచ్చింది. ఇది నిజంగా ఇంటింటికీ తిరిగి చేసింది. పేడనీళ్ళలో వెల్లకిలా పడ్డ రామ్‌చందర్ ఫోటో ప్రతి ఫోన్‌లోనూ ఉంది. పాపులారిటీ ముప్ఫై ఎనిమిది.

"ఇంకేం భయం లేదు," అన్నాడు శ్రీనివాస్ దగ్గుతూ. "ముప్ఫై ఎనిమిది ఉన్నోణ్ణి ఏ దేశమోడూ చంపడు." కర్చీఫ్ మడిచి అడిగాడు. "దవాఖానాల ఎవరికన్న ఏమన్న చెప్పినవా?"

"లేదు సార్."

"మంచిది," అన్నాడు శ్రీనివాస్. ఆయన పదకొండు మంది ఏజెంట్ల అబద్ధాలు విన్నవాడు, ఇంకేమీ అడగలేదు. బల్ల మీంచి ఒక కాగితం తోశాడు. రామ్‌చందర్ కంప్లయింటు. తన ప్రాణాలు కాపాడినందుకు అందులో థాంక్స్ లేవు. తన మీద పేడనీళ్ళు పోయించిన కుట్ర వెనక ఎవరున్నారో, గూడెం మొత్తాన్ని విచారించి తేల్చాలని ఉంది.

"ఫైలు నీకే వచ్చింది. ఎప్పట్లోగ ఇస్తవ్?"

కోటేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"టైం పడ్తది సార్. ఈసారి ఒక్కొక్కరిని అడిగి రాస్త."